ఫోక్సల్

ఫ్లీట్‌వుడ్ రేవులో, పదిహేనేళ్లప్పుడు,
చేపల ఓడ ఎక్కిన మొదటి పూట
ఈనక్ థ్రెల్‌ఫాల్ గడ్డంతో ముందు వైపు చూపించి
ఒక్క మాటన్నాడు:
"ఫోక్సల్. నీ సంచి అక్కడ పడెయ్."
పేరో, తిట్టో, తుమ్మో
నాకు బోధపడలేదు.

ఓడ ముక్కు లోపల
మెట్లు దిగితే ముక్కోణపు గది.
పన్నెండు పడకలు, ఒక బొగ్గు పొయ్యి,
ఎప్పటికీ ఆరని ఉన్ని మేజోళ్లు,
చేప కాలేయాల నూనె కంపు.
తలుపుకి మోకాలెత్తు ఇనుప గడప,
నీళ్లు లోపలికి రాకూడదని.
ఒడ్డున పబ్బులో మా మాటలు ఎన్ని కోటలు దాటినా
ఆ గడప దగ్గర మాత్రం
కాలెముక పగలనివాడు లేడు.
"చెయ్యి పైన పట్టు. మోకాలు ముందు. తల ఆఖరు,"
అని మూడుసార్లు దాటించాడు ఈనక్,
నాలుగోసారి తనే తట్టుకుని
దేవుణ్ణి తిట్టాడు.

వెనక కెప్టెన్ గది. దానికి పరదా, ఇత్తడి గడియారం.
అల వచ్చి ముందు తట్టేది మమ్మల్నే.
పడుకుంటే
చెవికీ సముద్రానికీ మధ్య
అరంగుళం రేకు, దాని మీద మా చెమట.
ఓడ తల దించినప్పుడల్లా
ఒళ్లు పరుపుని వదిలి ఒక క్షణం గాల్లో ఉండేది,
తర్వాత పరుపే పైకొచ్చి వీపుని కొట్టేది.

వారం తిరిగేసరికి మాట నా నోటికీ పట్టింది.
ఫోక్సల్ అంటే గది.
ఫోక్సల్ అంటే గదిలో ఉన్న మేమూ.
"ఫోక్సల్‌కి టీ పంపు," అనేవాడు వంటవాడు.
"ఫోక్సల్ గొణుగుతోంది," అనేవాడు మేటు.
గది కప్పు కూడా, లంగరు యంత్రం కూర్చున్న
ఆ ఎత్తు అరుగు కూడా ఫోక్సలే.
కింద నిద్రపోయేదీ అదే, పైన జారిపడేదీ అదే.
వేరే పేరు పెట్టే తీరిక
ఎవరికీ లేకపోయింది.

జనవరి. ఐస్‌లాండ్‌కి ఉత్తరాన.
తాళ్లు నా తొడంత లావు మంచు కట్టాయి.
ఆ బరువుకి ఓడ తల వాలిపోతుంటే
వంతులవారీగా గొడ్డళ్లతో కొట్టాం.
నా వంతు అయ్యాక దిగి పడుకున్నాను.
పైన ఈనక్ గొడ్డలి
టక్. టక్. టక్.
ఆ లెక్కలోనే కన్ను మూతపడింది.
మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు,
అది ఆగిపోయినందుకు.

మార్చిలో విచారణ.
తాళ్లూ లాంతర్లూ అమ్మే దుకాణం మీది గది.
గుమాస్తా నా వాంగ్మూలం చదివి వినిపించాడు:
"ఆ సమయంలో సాక్షి ఫోర్‌కాసిల్‌లో ఉన్నాడు."
లేదండీ, అన్నాను.
మా ఓడలో కోట ఏదీ లేదు.

నవ్వలేదు ఆయన, అది గుర్తుంది.
కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు.
ఒకప్పుడు ఓడ ముందు నిజంగానే కోట కట్టేవారట,
చెక్కతో. విలుకాళ్లు నిలబడేవారట.
విలుకాళ్లు పోయారు, చెక్క పోయింది,
మాటని మాత్రం నావికులు
ఉప్పు చేపలా నమిలి నమిలి
ముళ్లు ఉమ్మేశారు.
పేరేమో కోట. ఊరేమో మా దిబ్బ.

మరి మేం అనేది ఎలా రాస్తారండీ?
రాసి చూపించాడు.
ఊడిపోయిన అక్షరాల చోట
చిన్న చిన్న కొక్కేలు,
కామాలు పైకెక్కి కూర్చున్నట్టు.
కొందరు రెండు పెడతారు, కొందరు మూడు, అన్నాడు.
మా తలుపు పక్కన పన్నెండు.
కోటు వేసుకునే పైకి వెళ్లాడు ఈనక్.
తిరుగు దారి నాలుగు రోజులూ
ఆ ఖాళీ కొక్కేనికి
ఎవరం ఏమీ తగిలించలేదు.

ఇలాగే రాయండి, అన్నాను.
సర్కారు కాగితంలో కుదరదన్నాడు.
కోట ఉన్న కాగితం మీదే సంతకం పెట్టి
లేచాను.
ఆ గుమ్మానికి గడప లేదు.
అయినా చెయ్యి పైన పట్టి,
కాలెత్తి దాటాను.